గుడ్డ మీద రాసిన దేవుడు: కాళహస్తి కలంకారీ బొమ్మను చదవడం ఎలా?

శ్రీకాళహస్తిలో దర్శనం అయ్యాక కలంకారీ దుకాణం మెట్లెక్కినవాళ్లు ధర కంటే ముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, దీన్ని పూజగదిలో పెట్టుకోవచ్చునా, హాల్లో తగిలించుకోవాల్నా?" అదే దుకాణంలో ఇంకొకరు పార్వతీ కల్యాణం గీసిన పమిట కొంగును ముచ్చటగా తడిమి, "దేవుణ్ని ఒంటికి చుట్టుకుంటే తప్పు కదమ్మా" అని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. తిరుపతిలో ఫోటోల అంగళ్ల ముందు కూడా ఇలాంటి మాటలే వినిపిస్తాయి. బంగారు రేకు అద్దిన తంజావూరు పటం, కలంకారీ తెర, అచ్చు వేసిన క్యాలెండర్ బొమ్మ, ఈ మూడింట్లో ఏది ఎక్కువ పవిత్రం?

ఈ సందేహాలన్నిటి అడుగునా ఒకటే ప్రశ్న ఉంది. బొమ్మలో దైవం ఎక్కడుంటుంది? గీసినవాడి సాధనలోనా, గీసిన గుర్తుల్లోనా, తర్వాత జరిపే ప్రతిష్ఠలోనా, చూసేవాళ్ల మనసులోనా? మన సంప్రదాయం ఈ నాలుగింటినీ వేరువేరుగానే చూసింది. మనం వాటిని ఒకే ముద్దగా కలిపేసుకున్నాం.

వ్రాతపని, అద్దకం: కలంకారీ అన్న ఒక్క పేరు కింద రెండు పనులు

కలంకారీ అన్నది పారశీకం నుంచి వచ్చిన మాట. కలంతో చేసే పని అని అర్థం. ఆ పేరు స్థిరపడకముందు మన భాషలో రెండు పనులకు రెండు మాటలున్నాయి. చెక్క అచ్చులతో గుడ్డ మీద ఒత్తేది అద్దకం. కృష్ణా జిల్లా పెడన, మచిలీపట్నం వైపు పని ప్రధానంగా అదే. వెదురు పుల్ల మొన దగ్గర ఉన్ని గుడ్డ చుట్టి, దారంతో బిగించి, రంగులో ముంచి చేత్తో గీసేది వ్రాతపని. శ్రీకాళహస్తిది ఇది. 2022 దాకా చిత్తూరు జిల్లాలోనూ, ఇప్పుడు తిరుపతి జిల్లాలోనూ ఉన్న ఈ ఊరి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా విడిగా ఉంది.

వ్రాతపని అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పాత కాళహస్తి తెరల్లో మధ్యన ఒక పెద్ద గడి, అందులో శ్రీరామ పట్టాభిషేకం లాంటి ముఖ్య ఘట్టం. దాని చుట్టూ వరసలు వరసలుగా చిన్న గడులు, ఒక్కో గడిలో కథలో ఒక్కో సన్నివేశం. వరసల అంచున సన్నని పట్టీల్లో తెలుగు అక్షరాలు. గుడిలో దేవుడి వెనక తెరగా, పైన చాందినీగా, రథానికి అలంకారంగా వేలాడిన ఈ గుడ్డలు కథ చెప్పడానికి కూడా ఆధారమయ్యాయి. అంటే వాటిని చూసి ఊరుకోరు, చదువుతారు. ఈ బొమ్మల గురించి వచ్చే గందరగోళంలో సగం ఆ సంగతి మరచిపోవడం వల్ల వచ్చిందేనని నాకనిపిస్తుంది.

ఆగమాల లెక్కలో గుడ్డ మీది బొమ్మ

ఆగమ శాస్త్రాలు దేవతా రూపాలను మూడు రకాలుగా విడదీశాయి. అన్ని వైపులా రూపం కనబడే పూర్తి విగ్రహం చిత్రం. గోడకో రాతి పలకకో అంటుకుని ముందు భాగం మాత్రమే ఉబ్బెత్తుగా ఉండేది అర్ధచిత్రం. గోడ మీదో గుడ్డ మీదో రంగులతో గీసేది చిత్రాభాసం. మనం ఇప్పుడు చిత్రం అంటే గీసిన బొమ్మ అనుకుంటాం. శాస్త్ర పరిభాషలో అది రాతి, లోహ, దారు విగ్రహం పేరు. కాళహస్తికి దగ్గర్లోని మాధవమాలలో చెక్కే కొయ్య విగ్రహం చిత్రం, కాళహస్తి గుడ్డ మీది బొమ్మ చిత్రాభాసం. ఆభాసం అంటే ఇక్కడ నకిలీ అని కాదు. లోతు లేనిచోట లోతు తోచేలా చేయడం.

ఆలయ పూజ విషయంలో చిత్రాభాసానికి మొదటి స్థానం ఇవ్వలేదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. రంగుల బొమ్మకు నీళ్లతో అభిషేకం చేయలేరు. అందుకే అలాంటి చోట ఎదురుగా అద్దం పెట్టి, అద్దంలో కనిపించే ప్రతిబింబానికి స్నానం చేయించే ఆచారం పుట్టింది. దుర్గాపూజలో మట్టి ప్రతిమకు చేసేది ఈ దర్పణ స్నానమే.

ఇక రెండో మెట్టు ప్రతిష్ఠ. శిల్పి పని ముగిశాక కూడా ఆలయ విగ్రహం వెంటనే పూజకు రాదు. నయనోన్మీలనం, అంటే బంగారు సూదితో కళ్లు తెరిపించే సంస్కారం, ఆ తర్వాత ప్రాణప్రతిష్ఠ జరగాలి. ఇంట్లో వినాయక చవితి పూజను గుర్తు తెచ్చుకుంటే ఇది ఇంకా తేటగా ఉంటుంది. బజారు నుంచి తెచ్చిన మట్టి బొమ్మకు ఆవాహనం చేస్తాం, పూజిస్తాం, చివర్లో ఉద్వాసన చెప్పి నీళ్లలో కలుపుతాం. ఆవాహనకు ముందూ ఉద్వాసన తర్వాతా మట్టి అదే, ఆకారం అదే. మధ్యలో ఉన్న తేడా మంత్రానిది, పిలిచినవాళ్ల భావానిది.

ఈ లెక్కన దుకాణంలో మడతపెట్టి ఉన్న కలంకారీ తెర ప్రతిష్ఠ జరగని చిత్రాభాసం. పూజగదిలో పెట్టుకుని ఆవాహనం చేస్తే పూజాపటం. హాల్లో తగిలిస్తే కథ చెప్పే గుడ్డ. శాస్త్రం ప్రకారం రెండూ కుదురుతాయి. అయితే ఇక్కడితో విషయం తేలిపోదు, ఎందుకంటే భక్తుడి మనసు శాస్త్రపు మెట్లు లెక్కపెట్టుకుంటూ నడవదు. పాత క్యాలెండర్‌లోని దేవుడి బొమ్మను చెత్తబుట్టలో వేయలేక గుడి చెట్టు కింద పెట్టివచ్చేవాళ్లు మన వీధుల్లో ఎంతమందో. ఆ కాగితానికి ఎవరూ ప్రతిష్ఠ చేయలేదు. అయినా చెయ్యి రాదు.

శ్లోకంలో గీయగలిగేవి, గీయలేనివి

బొమ్మ గీయడాన్ని సాధన అని ఎందుకు అంటారో తెలియాలంటే ధ్యానశ్లోకం దగ్గరికి వెళ్లాలి. ఉపాసకుడు కళ్లు మూసుకుని దేవతను ఏ రూపంలో తలచుకోవాలో చెప్పేది ధ్యానశ్లోకం. చిత్రకారుడికి కూడా అదే మొదటి పాఠం. ఉపాసకుడు బొమ్మను లోపల నిలుపుకుంటాడు, చిత్రకారుడు దాన్నే గుడ్డ మీదికి దింపుతాడు.

అందరికీ నోటికి వచ్చిన శ్లోకాన్నే తీసుకుందాం. "శాంతాకారం భుజగశయనం పద్మనాభం సురేశం, విశ్వాధారం గగనసదృశం మేఘవర్ణం శుభాంగం." భుజగశయనం అంటే పాము పడక, గీయవచ్చు. పద్మనాభం అంటే బొడ్డు నుంచి లేచిన తామర, గీయవచ్చు. మేఘవర్ణం అంటే రంగే చెప్పేశారు. మరి విశ్వాధారం ఎలా గీస్తారు? గగనసదృశం అంటే ఆకాశం లాంటివాడు. అంచు లేనిదానికి గీత ఎక్కడ మొదలుపెట్టాలి? ఇక్కడ అవసరమవుతుంది సంకేతం. గీయడానికి వీల్లేని గుణాన్ని, గీయడానికి వీలైన వస్తువు చేత చెప్పించడమే సంకేతం చేసే పని. ఆకాశం గీయలేరు కాబట్టి నీలం వేస్తారు. లోకానికి ఆధారం అని గీయలేరు కాబట్టి, లోకాలను పుట్టించే బ్రహ్మను ఆయన నాభికమలంలో కూర్చోబెడతారు.

కొలతలు కూడా ఈ భాషలో భాగమే. శిల్పశాస్త్రంలో అంగుళం అంటే టేపు మీది అంగుళం కాదు, బొమ్మ ఎత్తులో ఒక వంతు. విష్ణువు వంటి ప్రధాన దేవతలకు చెప్పిన ఉత్తమ దశతాళంలో మొత్తం ఎత్తు 124 అంగుళాలు. 62 సెంటీమీటర్ల బొమ్మ గీస్తుంటే ఒక్కో అంగుళం అర సెంటీమీటర్ అన్నమాట. తాళం అంటే 12 అంగుళాలు, రమారమి ముఖం పొడవు. ఈ బొమ్మలో 6 సెంటీమీటర్లు. అంటే దేవుడి ఎత్తు సుమారు పది ముఖాలు. వినాయకుడికి చెప్పింది పంచతాళం, ఎత్తు ఐదు ముఖాలే. చిన్నపిల్లల ఒంటికి కూడా దాదాపు అదే పాళ్లు. ఆ గజముఖాన్ని చూడగానే పసివాణ్ని చూసినట్టు మనసు మెత్తబడడానికి కారణం ఈ కొలతలోనే ఉంది. తిరుపతిలో తితిదే నడిపే సంప్రదాయ శిల్ప కళాశాలలో శిల్పంతో పాటు సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ కూడా నేర్పుతారు. కాళహస్తి కలం మాత్రం ఈ కొలతలకు అక్షరాలా కట్టుబడి ఉండదు. గుండ్రటి ముఖాలు, పెద్ద పెద్ద కళ్లు దాని సొంత నడక.

ఒక పటం చదివి చూద్దాం: వేంకటేశ్వరుడు

తిరుమల గుడిలో భక్తులకు కెమెరా అనుమతి లేదు. కాబట్టి మన ఇళ్లలో ఉన్న స్వామి రూపం చాలావరకు చిత్రకారుల చేతి మీదుగా వచ్చిందే. ఏ పటాన్నైనా ముందు పెట్టుకుని కింది చేతుల నుంచి చదవండి. కుడి అరచెయ్యి మనవైపు తిరిగి, వేళ్లు కిందికి, పాదాల వైపు చూపుతుంటాయి. అది వరద హస్తం, ఈ పాదాలే శరణు అని పెద్దలు చెప్పే అర్థం. ఎడమ చెయ్యి నడుము దగ్గర ఉంటుంది, కటి హస్తం. నన్ను నమ్మినవాళ్లకు సంసార సముద్రం నడుము లోతే అని దాని భావం. పై చేతుల్లో శంఖచక్రాలు, వక్షస్థలం మీద లక్ష్మి.

ఇప్పుడు చిక్కు. చాలా పటాల్లో స్వామికి అటూ ఇటూ ఇద్దరు దేవేరులు ఉంటారు. గర్భాలయంలో మూలవిరాట్టు పక్కన అలా నిలువెత్తున దేవేరులు లేరు. అమ్మవారు వక్షస్థలం మీద ఉంది. శ్రీదేవి భూదేవులతో కలిసి వీధుల్లోకి వచ్చేది ఉత్సవమూర్తి మలయప్పస్వామి. పటం గీసినవారు రెండు దర్శనాలను ఒకే చట్రంలో కలిపారు. దాన్ని పొరపాటు అనవచ్చు, భక్తుడు గుడి లోపలా మాడవీధుల్లోనూ చూసింది ఒకే బొమ్మలోకి తెచ్చారనీ అనవచ్చు.

నామం సంగతీ ఇంతే. పటాల్లో వెడల్పాటి పచ్చకర్పూరపు నామం కళ్లను దాదాపు కప్పేస్తుంది. గురువారం నామాన్ని సన్నగా తగ్గించినప్పుడు స్వామి కళ్లు కనిపిస్తాయి, అందుకే అది నేత్ర దర్శనం. శుక్రవారం అభిషేకం తర్వాత మళ్లీ పెద్ద నామం. ఆ చూపు తీక్షణతను మనం తట్టుకోలేమనే కప్పుతారని జనంలో ఒక నమ్మకం. చిత్రకారుడు కళ్లు కనిపించేలా గీస్తే అది గురువారపు స్వామి.

గుర్తు ఒక్కటే చూస్తే అర్థం తలకిందులవుతుంది: కన్నప్ప గడి

కాళహస్తి కలంకారీలో తరచూ కనిపించే ఒక గడిలో బోయవాడు శివలింగం మీద కాలు పెట్టి, చేతిలో బాణం పట్టుకుని ఉంటాడు. కథ తెలియనివాడికి ఇది ఘోరమైన అపచారం. కథ తెలిసినవాడికి దీన్ని మించిన భక్తి లేదు. లింగం కంట రక్తం కారుతుంటే తిన్నడు (తర్వాత కన్నప్ప అని పేరొచ్చింది ఇతడికే) తన కన్ను పెకలించి పెట్టాడు. రెండో కంటా రక్తం వచ్చింది. తన రెండో కన్నూ పీకేస్తే చోటు తెలియదు కాబట్టి కాలి వేలితో గుర్తు పెట్టుకున్నాడు. ఆ కాలు ప్రేమకు గుర్తు.

ఏ సంకేతానికైనా నిఘంటువులో అర్థం వెతుక్కుంటే చాలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. గీత పక్కన కథ ఉండాలి. పాత తెరల మీద అక్షరాల పట్టీలు ఉన్నది అందుకే.

రంగు: అర్థమా, రసాయనమా?

కాళహస్తి సంప్రదాయంలో విష్ణువు, రాముడు, కృష్ణుడు నీలం. స్త్రీల ఒంటికి పసుపు. హనుమంతుడికి ఆకుపచ్చ. రాక్షసులకు ఎరుపు. వీటికి తాత్త్విక అర్థాలు చెప్పేవారున్నారు. దొరికిన రంగులు అన్నే కాబట్టి అలా పంచుకున్నారని చెప్పేవారూ ఉన్నారు. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే రంగు ఎలా పుడుతుందో తెలియాలి.

గాడా గుడ్డను (ముతక నూలు బట్టను) ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో (మా వైపు ఎనుము పాలంటాం) నానబెట్టి పిండి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. చింత బరికెలు కాల్చిన బొగ్గుతో ముందు పలచగా బొమ్మ వేస్తారు. తర్వాత నల్లగీత. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెడితే వచ్చే కసిం దానికి సిరా. కుండలో ఉన్నప్పుడు అది అంత నలుపుగా ఉండదు. గుడ్డలోని కరక్కాయ వగరు తగలగానే నల్లబడుతుంది. గీసిన గీత చెరపడానికి వీలుండదు.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎర్రగా రావలసినచోట ముందు పటిక నీళ్లు రాస్తారు. ఆరాక చూస్తే అక్కడ ఎరుపు జాడ లేదు. గుడ్డను నదిలో జాడించి, చిరివేరు లేదా మంజిష్ఠ (రెండూ ఎరుపునిచ్చే వేర్లే) వేసిన నీళ్లలో ఉడికిస్తే, పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మిగతా గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరబెట్టి తెల్లబరుస్తారు. మళ్లీ పాలలో ముంచుతారు. కరక పువ్వు నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, నీలం మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. మధ్యమధ్య ఉత్తరవాహినిగా పారే స్వర్ణముఖిలో జాడించడమే. అభిషేకానికి నోచుకోని చిత్రాభాసం, తయారయ్యేటప్పుడు మాత్రం ఇన్నిసార్లు పాలలోనూ నదిలోనూ మునుగుతుంది. ఆ పాలు వాడింది భక్తి కోసం కాదు, రంగు కోసం. అయినా ఆ మాట తలపుకు వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కాబట్టి రసాయనం మాట నిజమే: నలుపు, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ కొద్ది రంగులే ఈ భాష అక్షరాలు. కానీ ఏ అక్షరం ఎవరికన్నది రసాయనం చెప్పదు. నాట్యశాస్త్రం రసాలకు రంగులు చెప్పింది. శృంగారానికి శ్యామవర్ణం, అధిదేవత విష్ణువు. రౌద్రానికి ఎరుపు. రాముడి నీలం, రాక్షసుడి ఎరుపు ఈ లెక్కకు సరిపోయినట్టే ఉన్నాయి. అయితే అదే శాస్త్రం నీలాన్ని బీభత్సానికి, పసుపును అద్భుతానికి కేటాయించింది. కాళహస్తి గుడ్డ మీద నీలం బీభత్సమూ కాదు, పసుపు ఒళ్లంతా అద్భుతమూ కాదు. ఎర్రముఖం కనబడితే రాక్షసుడని తేల్చుకునేముందు కోరలు, మీసాలు, చేతిలో ఆయుధం చూడాలి. "నీలం అంటే ఇదీ, ఎరుపు అంటే అదీ" అని ఒకే వరసలో చెప్పే పట్టికలను నేను నమ్మను.

ఇది ఎప్పుడూ భక్తి కళేనా?

ఇక్కడ రెండు వాదాలున్నాయి. మొదటిది, గీయడమే సాధన అన్నది. విష్ణుధర్మోత్తర పురాణంలో బొమ్మలు గీయడం గురించి చెప్పే చిత్రసూత్రం చిత్రకళను కళల్లో శ్రేష్ఠమని, ధర్మార్థకామమోక్షాలు నాలుగింటినీ ఇచ్చేదని అంటుంది. చెరపడానికి వీల్లేని కసిం గీత గీయాలంటే చెయ్యీ మనసూ ఒకచోట నిలవాలి. దాన్ని జపంతో పోల్చడం అతిశయోక్తి కాదు.

రెండో వాదం చరిత్ర వైపు నుంచి వస్తుంది. కోరమాండల్ తీరపు రంగు గుడ్డ ఒకప్పుడు ప్రపంచ వాణిజ్యం. గోల్కొండ దర్బారుకూ, పారశీకానికీ, ఐరోపాకూ పూలతీగలు, జీవవృక్షాలు గీసి పంపారు. ఆ సరుకు ధాటికి తమ నేతపని దెబ్బతింటుందని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది, ఇంగ్లండ్ 1700లోనూ ఆ తర్వాతా చట్టాలు చేసింది. అదే కరక్కాయ, అదే పటిక, అదే చిరివేరు. కలం భక్తికీ బేరానికీ రెండింటికీ పనిచేసింది.

రెండు వాదాలకూ ఆధారాలున్నాయి. మచిలీపట్నం వైపు ఓడలూ దర్బారులూ, కాళహస్తి వైపు గుడులూ సంస్థానాలూ ప్రధాన పోషకులు కావడంతో గీసేవి వేరయ్యాయి. గుడి పోషణ సన్నగిల్లాక కాళహస్తి పని దాదాపు ఆగిపోయే దశకు వచ్చింది. 1950ల చివర్లో, చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చాకే మళ్లీ ఊపిరి పోసుకుంది. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ మలిదశలో కొనేవాళ్లు దేవస్థానాలు కారు. ప్రదర్శనలకు వచ్చేవాళ్లు, ఇల్లు అలంకరించుకునేవాళ్లు, చీరలు కట్టుకునేవాళ్లు.

పమిట మీద పార్వతి, యంత్రం మీద కలంకారీ

చీర మీద దేవుడి గురించి అభ్యంతరపడేవారి మాటలో బలం ఉంది. చీర నేలకు తగులుతుంది, దాని మీద కూర్చుంటాం, అన్ని వేళలా కడతాం. రూపానికి ఇవ్వవలసిన చోటు అది కాదంటారు. ఇంకొందరు ఇది ప్రతిష్ఠ లేని కథాచిత్రమేనని, ఇలా కొనేవారు లేకపోతే గీసే చేతులే మిగలవని అంటారు. మధ్యేమార్గం చేతిపనివాళ్ల దగ్గరే కనబడుతుంది. చాలామంది దేవతా మూర్తులను గోడకు వేలాడే తెరలకే ఉంచి, చీర ఒళ్లంతా తీగలు, తామరలు, నెమళ్లు, చిలకలు గీస్తారు. మూర్తి వేయవలసి వస్తే పమిట కొంగుకు పరిమితం చేస్తారు.

ఇదే ఊరి స్థలపురాణంలో పాము లింగానికి మణులు అర్పిస్తే, ఏనుగు వాటిని తోసేసి నీళ్లు పోసి మారేడు దళాలు పెట్టేది. పాముకు ఆ దళాలు అపచారం, ఏనుగుకు ఆ మణులు అపచారం. పోట్లాడుకుని రెండూ ప్రాణాలు విడిచాయి. శివుడు రెండింటికీ ముక్తినిచ్చి తన పేరులో చోటిచ్చాడు.

స్క్రీన్ ప్రింటింగ్ బొమ్మ ఇంకో రకం పరీక్ష పెడుతుంది. కాళహస్తి గీతనే యంత్రం మీద అచ్చు వేస్తే గుర్తులన్నీ అలాగే ఉంటాయి: అదే వరద హస్తం, అదే కన్నప్ప కాలు. దైవం గుర్తుల్లో ఉందనుకుంటే ఆ అచ్చుగుడ్డకు ఏ లోటూ లేదు. గీసినవాడి సాధనలో ఉందనుకుంటే అందులో ఏమీ లేదు. అలా అంటే మన పూజగదుల్లో సగానికి పైగా పటాలు అచ్చువేసినవే, వాటి ముందు దీపం పెట్టి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్ల భక్తి అబద్ధం కాదు కదా. కాబట్టి అచ్చుగుడ్డను చేతిపనిగా చెప్పి అమ్మితే జరిగే అన్యాయం దేవుడికి కాదు, నెలల తరబడి కూర్చుని గీసిన మనిషికి. భౌగోళిక గుర్తింపు కాపాడేది కూడా ఆ మనిషి పేరునూ ఊరి పేరునూ. గుడ్డ పవిత్రతకు అది ధ్రువపత్రం కాదు.

చేత్తో గీసిందో లేదో గుడ్డే చెబుతుంది. రెండు ముఖాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. నల్లగీత ఒకచోట లావుగా, కలంలో సిరా తగ్గినచోట సన్నగా సాగుతుంది. దగ్గరగా పెట్టుకుంటే, ముఖ్యంగా కొత్త గుడ్డయితే, పాలూ కరక్కాయా కలిసిన వాసన ఇంకా వస్తుంటుంది.